వాచీ వెనక ఒక్క మనిషి

సభకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు వాచీలు పెట్టాను. ఒకటి మా నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొనుక్కున్న హెచ్‌ఎంటీ జనతా. రెండోది ఐరోపాలోని ఒక చిన్న కంపెనీ తయారుచేయించిన డైవర్ వాచీ, అంటే నీళ్లలో మునిగేటప్పుడు కూడా పెట్టుకోగలిగేది. ఎనిమిదేళ్ల కిందట నేనే ముందుగా డబ్బు కట్టి, నెలల తరబడి ఎదురుచూసి తెప్పించుకున్నది. గడియారాల గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ జనం గుమిగూడి చూసే ఆ పెద్ద గడియారం గురించి, అందులోంచి బయటికి వచ్చి గంట కొట్టిపోయే బొమ్మ గురించి చెబుతానని కొందరు మిత్రులు ఊహించారట. దాని సంగతి చెప్పగలిగినవారు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. నేను ఎంచుకున్నది అంతకంటె చిన్న విషయం: ఈ పదిహేనేళ్లలో ప్రపంచమంతటా పుట్టుకొచ్చిన మైక్రోబ్రాండ్ వాచీలు, వాటి మీద మోజు ఎందుకు కలుగుతుంది, కొన్న తరువాత ఏయే చిక్కులు ఎదురవుతాయి అన్నది. నేను వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరును. వాచీలు అమ్మే వ్యాపారంతో నాకు ఏ సంబంధమూ లేదు; కొనే జబ్బు మాత్రం ఉంది.

మైక్రోబ్రాండ్ అన్న మాటకు ఎవరూ గీత గీసి నిర్వచనం ఇవ్వలేదు. వాడుకలో మాత్రం దాని అర్థం అందరికీ తెలిసిందే. ఒకరో ఇద్దరో, మహా అయితే పదిమందో కలిసి నడిపే కంపెనీ. వాచీలను వందల లెక్కన, ఎప్పుడైనా వేల లెక్కన తయారుచేయించే కంపెనీ. షోరూములకు, డీలర్లకు ఇవ్వకుండా తన వెబ్‌సైటు నుంచే నేరుగా కొనేవారికి పంపే కంపెనీ. డిజైను వాళ్లది, తయారీ చాలా వరకు ఇతరులది. ఈ చివరి వాక్యాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి. ఈ వాచీల అందమూ, వాటి బలహీనతా రెండూ అక్కడి నుంచే మొదలవుతాయి.

వాచీకి ప్రాణం మూవ్‌మెంట్. మన రిపేరు షాపుల్లో దాన్ని ‘మిషన్’ అంటారు. చుట్టుకొని ఉన్న స్ప్రింగు విడివడుతూ పళ్ల చక్రాలను తిప్పుతుంటే, ఆ వేగాన్ని అదుపులో పెట్టడానికి బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఆ ఊపుకు ఒక్కో పన్నూ ఆగి కదిలే చప్పుడే మనకు వినబడే టిక్‌టిక్. ఇంత చిన్న యంత్రాన్ని సొంతంగా తయారుచేయాలంటే కోట్ల పెట్టుబడి, ఏళ్ల అనుభవం కావాలి. డయలు గీయడం వచ్చిన కుర్రవాడికి అది అయ్యే పని కాదు. కాబట్టి మైక్రోబ్రాండ్ అనే జాతి పుట్టాలంటే ముందుగా మంచి మూవ్‌మెంట్ ఎవరైనా బజారులో అమ్మాలి. చాలాకాలం ఆ పని స్విట్జర్లాండ్‌లో ఈటీఏ చేసింది. అది స్వాచ్ గ్రూపుకు చెందిన కంపెనీ. తమ పోటీదారులకు తామే మూవ్‌మెంట్లు ఎందుకు అందించాలన్న ప్రశ్న ఆ గ్రూపు అధినేత నికొలస్ హయెక్‌కు కలిగింది, 2002లో ఆ సరఫరాను తగ్గిస్తామని ఆయన ప్రకటించారు. స్విస్ పోటీ నియంత్రణ కమిషన్ మధ్యలోకి వచ్చి, ఆ తగ్గింపు ఒక్కసారిగా కాక ఏళ్ల మీద మెల్లగా జరిగేలా చూసింది. ఈలోగా, అంతకుముందు ఈటీఏ మూవ్‌మెంట్లనే బిగిస్తూ వచ్చిన సెల్లిటా అనే కంపెనీ, పేటెంట్ల గడువు తీరిపోయిన పాత ఈటీఏ 2824 నమూనా మీదనే తన ఎస్‌డబ్ల్యూ200 మూవ్‌మెంటును తయారుచేసి ఎవరడిగితే వారికి అమ్మడం మొదలుపెట్టింది. జపాన్ నుంచి సిటిజన్ గ్రూపువారి మియోటా, సైకోవారి ఎన్‌హెచ్ వరుస మూవ్‌మెంట్లు ఇంకా తక్కువ ధరకు దొరకసాగాయి. పెద్ద కంపెనీ తలుపు వేసుకోవాలనుకుంటే, పక్క వీధిలో నాలుగు దుకాణాలు తెరుచుకున్నాయన్నమాట.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది జపాన్ సిటిజన్ సహకారంతోనే. మా నాన్నగారి జనతాలో ఉన్న 17 జ్యూయెల్స్ (చక్రాలు అరగకుండా పెట్టే చిన్న రాళ్లు) మూవ్‌మెంటు మూలం సిటిజన్ నమూనాయే. ఇతరుల మూవ్‌మెంటు వాడడం చిన్నతనమని మైక్రోబ్రాండ్లను వెక్కిరించేవారు నాకు తరచు ఎదురవుతుంటారు. మూడు తరాల తెలుగువాళ్లు పెళ్లిళ్లలో అల్లుళ్లకు పెట్టిన వాచీ కూడా ఆ లెక్కన అరువు గుండెతోనే కొట్టుకుంది. దానికి ఎవరూ సిగ్గుపడలేదు, పడనక్కరలేదు.

మూవ్‌మెంటు దొరికాక మిగిలిన పని ఎలా సాగుతుందో చూద్దాం. డిజైనరు కంప్యూటర్ మీద కేసు, అంటే వాచీ బయటి లోహపు గూడు, డయలు, ముళ్లు గీస్తాడు. ఆ బొమ్మలు తరచుగా చైనాలోని షెంజెన్ ప్రాంతపు ఫ్యాక్టరీలకు వెళ్తాయి. కేసు ఒకరు కోస్తారు, డయలు ఒకరు అచ్చు వేస్తారు, ముళ్లు ఇంకొకరు చేస్తారు, గ్లాసు మరొకచోటి నుంచి వస్తుంది. నమూనా వాచీ చేతికి వచ్చాక రంగు బాగాలేదనో, సెకన్ల ముల్లు పొట్టిగా ఉందనో మళ్లీ మొదటికి పంపిస్తారు. ప్రతి ఫ్యాక్టరీకీ ఇన్నింటికి తక్కువ చేయము అనే కనీస ఆర్డరు ఒకటి ఉంటుంది. ‘కేవలం 300 మాత్రమే’ అని ప్రకటనలో చూసి మనం అది కళాకారుడి నిగ్రహం అనుకొని మురిసిపోతాం కానీ, చాలాసార్లు ఆ 300 ఫ్యాక్టరీవాడు చెప్పిన అంకె.

ఇంతవరకు చెప్పింది వింటే ఇందులో ఆకర్షణ ఏముందని మీరు అడగవచ్చు. మూవ్‌మెంటు ఒకరిది, కేసు ఒకరిది, బిగించేది వేరొకరు, మరి మిగిలిందేమిటి? మిగిలింది ఒక మనిషి అభిరుచి. అది చిన్న విషయం కాదని నాకు బాల్టిక్ అనే ఫ్రెంచి కంపెనీ కథ చదివినప్పుడు అర్థమైంది. దాన్ని స్థాపించిన ఎతియెన్ మలెక్ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. ఆ తండ్రి వాచీలు సేకరించేవాడు. ఆయన వాచీలూ, వాటి గురించి రాసిపెట్టుకున్న పుస్తకమూ పెద్దయ్యాక కొడుకు చేతికి వచ్చాయి. తండ్రి బాల్టిక్ సముద్రతీరానికి దగ్గరగా పోలండ్‌లో పుట్టినవాడు కనుక ఆ పేరే కంపెనీకి పెట్టుకొని, 1940ల నాటి వాచీల పోలికతో రెండు నమూనాలు గీసి 2017లో, జనం నుంచి ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ అనే ఇంటర్నెట్ వేదికలో పెట్టాడు. ఒకదానిలో మియోటా మూవ్‌మెంటు; రెండోది క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచీ కూడా ఉన్నది, అందులో చైనా సీగల్ కంపెనీ ఎస్‌టీ19 వరుస మూవ్‌మెంటు. ఆ సీగల్ మూవ్‌మెంటుకు సొంత చరిత్రే ఉంది: స్విస్ వీనస్ 175 మూవ్‌మెంటును తయారుచేసే యంత్రాలను చైనా కొనుక్కొని, 1960లలో తన వైమానిక దళ పైలట్ల కోసం దాన్ని తయారుచేసింది. అంటే స్విట్జర్లాండ్‌లో పుట్టి, తియాన్‌జిన్‌లో పెరిగిన యంత్రం, ఫ్రాన్సులోని బెజాన్సోన్ పట్టణంలో, ఒక పోలిష్ సంతతి తండ్రి జ్ఞాపకం చుట్టూ బిగించబడింది. ఏ పెద్ద కంపెనీ బోర్డు సమావేశంలోనూ ఇలాంటి వాచీ పుట్టదు.

పెద్ద కంపెనీ ఒక డయలు రంగు మార్చాలంటే అది లక్షమందికి నచ్చుతుందా అని లెక్క చూసుకోవాలి. చిన్న కంపెనీకి 300 మందికి నచ్చితే చాలు. ఆ స్వేచ్ఛ ఎక్కడెక్కడికి తీసుకుపోతుందో చూడండి. గ్లాస్గోలోని అనార్డెయిన్ అనే కంపెనీ గాజు ఎనామెల్ డయళ్లను చేతితో చేస్తుంది; లోహపు రేకు మీద గాజు పొడి చల్లి, 800 డిగ్రీల వేడి ఉన్న కొలిమిలో పొరపొరగా కాల్చాలి, ఏ పొరలో చిన్న పగులు వచ్చినా ఆ డయలు చెత్తబుట్టకే. మలేషియాలో ఫొటోగ్రాఫర్‌గా పేరుపొందిన మింగ్ థెయిన్ తన మిత్రులతో కలిసి 2017లో మొదలుపెట్టిన మింగ్ కంపెనీ, రెండేళ్లు దాటిన కొద్దికాలానికే జెనీవాలో వాచీల పరిశ్రమ గొప్పగా చెప్పుకొనే గ్రాండ్ ప్రీ అవార్డులలో 2019 సంవత్సరపు ‘రివలేషన్’ బహుమతిని అందుకొంది. మన దేశంలో జైపూర్ వాచ్ కంపెనీ పాతకాలపు నాణేలనే డయళ్లుగా పెడుతుంది. 2018లో భార్యాభర్తలు ఇద్దరు స్థాపించిన బెంగళూరు వాచ్ కంపెనీ, మిగ్-21 విమానాన్ని తలచుకొని ఒక వరుస, మన అంతరిక్ష కార్యక్రమాన్ని తలచుకొని ఒక వరుస, క్రికెట్‌ను తలచుకొని ‘కవర్ డ్రైవ్’ అని ఒక వరుస తీసుకువచ్చింది. హెచ్‌ఎంటీ పుట్టిన ఊళ్లోనే ఇది జరగడం నాకు ప్రత్యేకంగా తృప్తినిస్తుంది. 2016లో కేంద్రప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసివేయాలని నిర్ణయించిన రెండేళ్లకే ఆ ఊరి పేరు మళ్లీ ఒక డయలు మీదికి ఎక్కింది.

కొలతల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన చేతులు సన్నవి. పెద్ద కంపెనీలు 42, 44 మిల్లీమీటర్ల వాచీల వెంట పరుగెడుతున్న రోజుల్లో, 36 నుంచి 39 లోపు వాచీ కావాలంటే చిన్న కంపెనీలే గతి. జనతా దాదాపు 35 ఉంటుంది. మా నాన్నగారి మణికట్టు మీద అది ఎక్కడ పెట్టింది అక్కడే కూర్చునేది. గ్లాసు విషయమూ అంతే. సైకో తన సొంత పేరుతో 2019లో తెచ్చిన సైకో 5 స్పోర్ట్స్ వరుస తొలి వాచీలలో గట్టిపరిచిన ఖనిజ గాజే ఉంటుంది. దాని లోపలి మూవ్‌మెంటుకు స్వయానా తోబుట్టువైన ఎన్‌హెచ్35ను కొనుక్కొని బిగించే చిన్న కంపెనీ మాత్రం, ఇంచుమించు అదే ధరకు గీతలు పడని సఫైర్ గాజు ఇస్తుంది. డీలరు కమీషను లేదు, సినిమా తార ప్రకటన లేదు, ఆ మిగిలిన డబ్బు గాజులోకి, కేసు మెరుగులోకి వెళ్తుంది. ఇది కాగితం మీద చూడడానికి చాలా అందంగా ఉంటుంది, చాలావరకు నిజం కూడా.

ఇక చిక్కుల దగ్గరికి వద్దాం. వీటిలో కొన్ని ఏ మెకానికల్ వాచీకైనా ఉన్నవే. ఎన్‌హెచ్35 రోజుకు 20 సెకన్లు వెనకబడినా 40 సెకన్లు ముందుకు పోయినా తయారీదారు లెక్కలో సక్రమంగా పనిచేస్తున్నట్లే. నెలకు లెక్క కట్టితే ఆ ముందుకు పోవడం 20 నిమిషాల దాకా చేరవచ్చు. వెయ్యి రూపాయల బ్యాటరీ వాచీలో నెల మొత్తానికి కూడా సాధారణంగా అర నిమిషానికి మించి తేడా రాదు. సమయం తెలుసుకోవడానికే వాచీ కొనేవారు ఈ ప్రసంగం ఇక్కడితో ఆపి ఇంటికి వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను. మియోటా 9015 ఇంకొంచెం మెరుగు, పల్చగా కూడా ఉంటుంది. అయితే చేతి కదలికకు తిరుగుతూ స్ప్రింగును చుట్టే దాని రోటరు ఒకవైపు తిరిగినప్పుడే కీ ఎక్కుతుంది కనుక, చేయి విదిలిస్తే రెండోవైపు అది లోపల గిరగిరా తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినబడుతుంది. కొందరికి అది ముచ్చట, కొందరికి చిరాకు.

చిన్న కంపెనీకి ప్రత్యేకమైన లోపాలు వేరు. వాటిలో నాకు తమాషాగా తోచేది దాక్కున్న తేదీ. డిజైనరు తేదీ కిటికీ లేని శుభ్రమైన డయలు గీస్తాడు, కానీ చవకగా దొరికిందనో, ముందే కొనిపెట్టుకున్నాడనో తేదీ ఉన్న మూవ్‌మెంటునే లోపల పెడతాడు. మీరు కీని ఒక మెట్టు బయటికి లాగి తిప్పుతారు. డయలు మీద ఏదీ కదలదు. లోపల ఎక్కడో, ఎవరికీ కనిపించని చీకట్లో, తేదీ చక్రం టక్కుమని ఒక అంకె ముందుకు జరుగుతుంది. తేదీ లేని ఎన్‌హెచ్38 అదే కుటుంబంలో ఉండగా ఇలా చేయడం బద్ధకమే. పనికి అడ్డం లేదు, నిజమే. కానీ ప్రతి గీత మీదా మనసు పెట్టానని చెప్పుకొని ముప్పై వేలు తీసుకున్న మనిషి ఈ ఒక్క మెట్టు దగ్గర మనసు ఎక్కడ పెట్టాడని అడిగే హక్కు కొన్నవాడికి ఉంటుంది.

అంతకంటె పెద్ద లోపం అనుకరణ. 1950లలో రోలెక్స్ తెచ్చిన సబ్‌మెరైనర్ డైవర్ వాచీని కేసు, బెజెల్ (గాజు చుట్టూ తిరిగే ఉంగరం), ముళ్లతో సహా దించేసి, డయలు మీద తమ పేరు వేసుకొని, దానికి నివాళి అని పేరు పెట్టే కంపెనీలు కోకొల్లలు. ఫ్యాక్టరీ కేటలాగులో సిద్ధంగా ఉన్న కేసునే అయిదారు పేర్లతో అయిదారు ధరలకు మనం చూస్తుంటాం. అభిరుచి కోసం కదా మనం ఈ దారికి వచ్చింది. ఆ అభిరుచే లేనప్పుడు మిగిలేది ఎన్‌హెచ్35 ఒక్కటే, దాన్ని విడిగా కొన్ని వేల రూపాయలకే కొనుక్కోవచ్చు. ఒకే మూవ్‌మెంటు, ఒకే రకం గాజు ఉన్న రెండు వాచీలలో ఒకటి ఇరవై వేలకు, ఇంకొకటి డెబ్భై వేలకు కనిపించినప్పుడు, ఆ యాభై వేలు దేనికన్నది కళ్లతో చూసి చెప్పగలగాలి. డయలు అంచులు, ముళ్ల మెరుగు, పట్టీ కొక్కెం బిగువు లాంటి చోట్ల ఆ డబ్బు కనబడితే సరే. కనబడకపోతే మీరు కొంటున్నది కథను. స్విస్ మేడ్ అన్న రెండు మాటలకు కూడా ఇదే వర్తిస్తుంది: 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం తయారీ ఖర్చులో కనీసం 60 శాతం స్విట్జర్లాండ్‌లో కావాలి, మిగిలిన 40 ఎక్కడి నుంచి వచ్చిందో డయలు చెప్పదు.

ముందుగా డబ్బు కట్టించుకొనే పద్ధతిని గురించి ఎంత చెప్పినా తక్కువే. కిక్‌స్టార్టర్ వంటి వేదికలో మీరు వాచీ కొనడం లేదు; ఒక ప్రయత్నానికి మద్దతు ఇస్తున్నారు, ఇది దుకాణం కాదని ఆ సంస్థే ఒకప్పుడు స్పష్టంగా ప్రకటించింది. నా డైవర్ వాచీ ఆరు నెలల్లో వస్తుందన్నారు. మొదట కేసు రంగు సరిగా రాలేదని ఉత్తరం వచ్చింది. తరువాత డయళ్ల మీద దుమ్ము ఉందని వెనక్కి పంపామన్నారు. ఆ తరువాత చైనాలో నూతన సంవత్సర సెలవులు. ప్రతి ఉత్తరమూ మర్యాదగా, నిజాయితీగా ఉండేది; ఒకసారి ఆదివారం అర్ధరాత్రి నేను అడిగిన ప్రశ్నకు కంపెనీ యజమాని పావుగంటలో స్వయంగా జవాబు రాశాడు. ఏ పెద్ద కంపెనీలో నాకు ఆ గౌరవం దక్కుతుంది? ఆ ఒక్క జవాబు కోసం ఇంకో ఆరు నెలలు సంతోషంగా ఆగాను. చెప్పిన గడువు మీద మొత్తం పద్నాలుగు నెలలు ఆలస్యమైంది.

వచ్చిన రోజు కస్టమ్స్ సుంకం, ఆపై జీఎస్టీ, కొరియరువాడి సేవారుసుము కట్టి డబ్బా తెరిచాను. వాచీ అద్భుతంగా ఉంది. ముదురు ఆకుపచ్చ డయలు, దాని మీద అంకెల బదులు చిన్న చిన్న గుండ్రటి గుర్తులు. చీకట్లో అవి మిణుగురుల్లా వెలుగుతాయి. అయితే బెజెల్ తిప్పి చూసినప్పుడు ఒకటి గమనించాను. చుట్టూ 120 మెట్లు తిరిగే ఆ ఉంగరం మీది మెరిసే చుక్క సరిగ్గా 12 గుర్తు ఎదుట ఆగాలి. నా వాచీలో అది అర మెట్టు ఎడమకు ఆగుతుంది. ఒక మెట్టు ముందుకు తిప్పితే అర మెట్టు కుడికి పోతుంది. నడిమికి రావడం దాని నుదుట రాసిలేదు. ఫొటో తీసి పంపితే ఆ యజమాని క్షమాపణ చెప్పి, వెనక్కి పంపమన్నాడు. పంపడానికి అయ్యే ఖర్చు, తిరిగి వచ్చేటప్పుడు అది నా వాచీయేనని కస్టమ్స్‌వారికి రుజువు చూపించలేకపోతే మళ్లీ కట్టవలసిన సుంకం, ఆ కాగితాల తిప్పలు అన్నీ లెక్కవేసుకొని, అర మెట్టు తేడాతోనే బతకడం నేర్చుకున్నాను. వారంటీ కాగితం మీద రెండేళ్లు ఉంది. సముద్రాలకు అవతల ఉన్న వారంటీ అంతంతమాత్రమే.

నాలుగేళ్లు గడిచాయి. ఒకరోజు వాచీ కీని, అంటే క్రౌన్‌ను, మరతిప్పి లోపలికి బిగిస్తుంటే అది బిగియలేదు; మరలు అరిగిపోయాయి. నీళ్లు దూరకుండా కాపాడేది ఆ బిగింపే. కంపెనీకి రాద్దామని వెబ్‌సైటు తెరిస్తే, ఆ పేరు అమ్మకానికి ఉంది, కావలసినవారు సంప్రదించండి అని ఒక తెల్లటి పేజీ ఎదురైంది. ఆ మనిషి ఏదో ఉద్యోగంలో చేరిపోయి ఉంటాడు. అతని మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. అర్ధరాత్రి జవాబు రాసే ఒక్క మనిషే కంపెనీ అయినప్పుడు, ఆ మనిషి అలసిపోతే కంపెనీ కూడా అలసిపోతుంది.

వాచీ పట్టుకొని కోఠీలో నాకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన రిపేరు షాపుకు వెళ్లాను. అదే రోజు నాన్నగారి జనతా కూడా తీసుకెళ్లాను, దానికీ కీ ఊడిపోయి ఉంది. ఆయన కంటికి అద్దం పెట్టుకొని, డైవర్ వెనక మూత మరతిప్పి తీసి చాలాసేపు చూశాడు.

“సార్, మిషన్ బంగారంలా ఉంది. రేపు ఇది చెడిపోయినా భయం లేదు, కొత్త మిషనే పెట్టేస్తా, సర్వీసు కంటె అదే చవక. మీకు పోయింది కీ, దాని గొట్టం. ఈ సైజు నా దగ్గర లేదు. ఇంకెక్కడా దొరకదు.”

తరువాత జనతాను తీసుకొని, బల్ల సొరుగులోంచి ఒక పాత బిస్కట్ డబ్బా పైకి తీశాడు. అందులో హెచ్‌ఎంటీ కీలు, ముళ్లు, గాజులు, స్ప్రింగులు చిన్న చిన్న పొట్లాలలో ఉన్నాయి. చెడిపోయిన వాచీల నుంచి విప్పినవి కొన్ని, ఎప్పుడో కొని దాచినవి కొన్ని. అయిదు నిమిషాల్లో జనతాకు కీ పెట్టి నా చేతిలో పెట్టాడు. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయినా, కోట్ల లెక్కన తయారైన వాచీ కనుక దాని ఎముకలు ఇప్పటికీ దేశమంతటా డబ్బాల్లో ఉన్నాయి. నా డైవర్ వాచీ అన్నలూ తమ్ముళ్లూ కొన్ని వందలమంది మాత్రమే. వాళ్లూ నాలాగే ఏ దేశంలోనో కీ కోసం వెతుక్కుంటూ ఉంటారు.

ఆ డబ్బా ఎదుట నిలబడినప్పుడు నా లెక్క తలకిందులైంది. మైక్రోబ్రాండ్ వాచీలో మేము, అంటే నాలాంటి అభిమానులం, చిన్నచూపు చూసేది ఆ చవక మూవ్‌మెంటును. తలకెత్తుకొనేది ఆ ప్రత్యేకమైన డయలును, ఎక్కడా లేని ముళ్లను, పేరు చెక్కిన కీని. మరమ్మతు బల్ల మీద మాత్రం పదికాలాలు నిలిచేది అందరి దగ్గరా ఉన్న ఆ చవక మూవ్‌మెంటే. ఏది మనల్ని ఆకర్షించిందో అదే ముందుగా దొరకకుండా పోతుంది. అందుకే ఎవరైనా కొనేముందు సలహా అడిగితే, మూవ్‌మెంటు గురించి నేను ఇప్పుడు పెద్దగా మాట్లాడను. అది ఎన్‌హెచ్35 అయినా సెల్లిటా అయినా ఎవరో ఒకరు బాగుచేస్తారు. గాజు మామూలు గుండ్రటి బల్లపరుపు గాజేనా, లేక ప్రత్యేకమైన వంపు ఉన్నదా. పట్టీ 20 మిల్లీమీటర్ల మామూలు పట్టీయేనా, లేక కేసుకే అతికినట్లు చేసిన ప్రత్యేక ఆకారమా. కీ, దాని గొట్టం బజారులో దొరికే కొలతలోవేనా. కంపెనీ మొదటి వాచీ కొన్నవారికి అయిదేళ్ల తరువాత ఎవరు జవాబిస్తున్నారు: ఇవి అడగమంటాను. విడిభాగాల ఒక జత కూడా అమ్ముతారా అని ముందే రాసి అడగండి. అమ్మే కంపెనీలు ఉన్నాయి, అడిగితే సంతోషిస్తాయి కూడా.

తిరిగి అమ్ముకోవచ్చులే అన్న ధైర్యంతో మాత్రం కొనవద్దు. కొన్ని పేర్లకు గిరాకీ ఉంటుంది. కెనడాలో హేలియోస్ వంటి కంపెనీల వాచీలు పెట్టిన నిమిషాల్లోనే అయిపోయిన సందర్భాలున్నాయి. మిగిలినవాటికి డబ్బా తెరిచిన గంటలోనే విలువ పడిపోతుంది, మన దేశంలో కట్టిన సుంకం ఎలాగూ ఎవరూ తిరిగి ఇవ్వరు. నా జబ్బు ముదిరిన రోజుల్లో ముప్పై వేలవి అయిదు కొన్నాను. ఆ లక్షన్నరకు, ఊళ్లోనే సర్వీసు సెంటరు ఉన్న పెద్ద కంపెనీ వాచీ ఒకటి వచ్చి ఉండేదని మా ఆవిడ గుర్తుచేస్తూ ఉంటుంది. ఆ మాట నిజమే. కానీ ఆ అయిదింటిలో ఏ ఒక్కదాన్ని పెట్టుకొని వెళ్లినా, ఇది ఎక్కడిది అని అడిగినవారు ఉన్నారు. వారికి చెప్పడానికి నా దగ్గర ఒక మనిషి కథ ఉంది.

చిన్నగా మొదలై నిలదొక్కుకున్నవారు లేకపోలేదు. 2005లో ఇంటర్నెట్‌లో మాత్రమే అమ్ముతూ ఇంగ్లండులో మొదలైన క్రిస్టఫర్ వార్డ్, తరువాత సొంత మూవ్‌మెంటు కూడా తయారుచేయించుకొని, గంట గంటకూ చిన్నగా మోగే బెల్ కాంటో వాచీతో 2023లో జెనీవా గ్రాండ్ ప్రీలో బహుమతి తెచ్చుకుంది. ఇప్పుడు దాన్ని మైక్రో అనడం కుదరదు. వారి తొలినాటి వాచీలు కొన్నవారికి ఈ రోజు కూడా ఉత్తరం రాస్తే జవాబు వచ్చే చోటు ఉంది. ఎవరు అలా నిలబడతారో కొనే రోజున చెప్పడం కష్టం; మొదటి వాచీ కాకుండా మూడో వాచీ తెచ్చేవరకు ఆగి కొంటే ఆ కష్టం కొంత తగ్గుతుంది. నేను ఇప్పుడు పాటిస్తున్నది అదే, ఎప్పుడైనా తప్పుతున్నదీ అదే.

ఇక ఈ రెండు వాచీలను ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. జనతాకు పొద్దున కీ ఇచ్చాను, చెవి దగ్గర పెట్టుకొని వినండి. డైవర్‌కు ఉన్న కీ దాని సొంతది కాదు. ఆరు నెలల తరువాత కోఠీ షాపాయన ఏదో పాత వాచీ గొట్టాన్ని సాన పట్టి అమర్చినది. డయలు ఆకుపచ్చను కిటికీ వెలుతురులో చూడండి, బెజెల్ ఎంతైనా తిప్పండి, ఆ అర మెట్టు మీకూ కనిపిస్తుంది. కీని మాత్రం బయటికి లాగవద్దని మనవి.